బంకమట్టి తొందరపడదు

జూలై నెల. వాల్దివియాలో వాన.
నిన్నటిది ఆగకముందే ఇవాళ్టిది మొదలైంది.
గుమ్మం దగ్గర బకెట్లో గొడుగులు కారుతున్నాయి.
గదిలో పదకొండుమందిమి, అందరం పాఠాలు చెప్పేవాళ్లమే,
పిల్లల కుర్చీల్లో మోకాళ్లు ఇరికించుకుని.

డీన్ ఉత్తరం పంపితే వచ్చాను గానీ
యాభై ఎనిమిదేళ్లవాడికి
పాఠం చెప్పడం నేర్పిస్తారట!
చేపపిల్లకి ఈత నేర్పినట్టే, అనుకున్నాను.
ఇరవై ఆరేళ్లుగా మట్టి గురించి చెబుతున్నాను.
నా గొంతు కింది అంతస్తు దాకా వినిపిస్తుందని పేరు.

శిక్షణ ఇచ్చేది యస్నా బారియెంతోస్,
ముప్పై నాలుగుంటాయేమో.
మా క్లాసుల్ని ముందే వీడియో తీయించింది.
తలా ఒక స్టాప్‌వాచ్ చేతిలో పెట్టింది.
"ప్రశ్న అడిగాక, మళ్లీ మీరే మాట్లాడేదాకా ఎంతసేపు?
అదొక్కటే చూడండి."

చూశాను.
తెర మీద ఎవరో బట్టతల మనిషి
బోర్డుతోనే మాట్లాడుకుంటున్నాడు.
"అర్థమైందా?" అంటాడు. ఊపిరి తీసుకోడు.
"అయింది కదా, మంచిది" అంటాడు.
సున్నా పాయింట్ ఎనిమిది.
సున్నా పాయింట్ ఆరు.
ఒకచోట మీట నొక్కే వ్యవధి కూడా ఇవ్వలేదు.
యాభై నిమిషాల్లో ముప్పై ఒక్క ప్రశ్నలు.
ముప్పై ఒక్కటికీ జవాబు వాడిదే.

మూలన ఒక కుర్రాడు చెయ్యి సగం ఎత్తాడు.
ఎత్తిన చేత్తో తల గోక్కున్నాడు.
వెనక్కి తిప్పి నాలుగుసార్లు చూశాను.
నాలుగుసార్లూ ఆ చెయ్యి అక్కడిదాకానే వచ్చింది.

పక్కన రసాయనశాస్త్రం లియొకాదియో
తన వీడియో చూసుకుంటూ గోళ్లు కొరుకుతున్నాడు.
ఎవరూ ఎవరి మొహమూ చూడలేదు.

నేను చెప్పే పాఠంలోనే ఉందది.
బంకమట్టి మీద బరువు పెడితే
మొదట మోసేది మట్టి కాదు, నీరు.
సందుల్లో ఇరుక్కున్న నీరు
బిగుసుకుని మోస్తుంది.
అది మెల్లగా, చాలా మెల్లగా దారి వెతుక్కుని పోయాకే
మట్టి ఆ బరువు తనదనుకుంటుంది.
నెలలు పడుతుంది. ఒక్కోచోట ఏళ్లు.
ఆగకుండా మేడ మీద మేడ కడితే ఏమవుతుందో
బొమ్మ గీసి మరీ చెబుతాను.
ఏటా చెబుతాను.
ఒక్క గుక్కలో.

కాఫీ దగ్గర యస్నా అంది:
"నేను మీ స్టూడెంట్‌నే, ప్రొఫెసర్ కెయ్‌పుల్.
మూడో వరుస, కిటికీ పక్క.
రెండుసార్లు తప్పాను.
ఒకరోజు మిమ్మల్ని ఒకటి అడగాలనుకున్నాను."
"ఏమిటది?" అన్నాను.
నోరు మూసుకుని నిలబడ్డాను.
ఒకటి, రెండు, మూడు.
కప్పులో పాల మీగడ కట్టింది.
"గుర్తులేదు" అని నవ్వేసింది.
ఆ నవ్వుని ఏ జేబులో పెట్టుకోవాలో తెలియలేదు.

సోమవారం, నా క్లాసు.
"బరువు పడింది. నీరు ఎటు పోతుంది?"
సుద్దముక్క జేబులో వేసుకున్నాను,
చేతికి పని లేకుండా.
రెండో సెకనుకి చెవులు వేడెక్కాయి.
నాలుగో సెకనుకి నాలిక మీదికి జవాబు వచ్చి కూర్చుంది,
మింగాను.
ఏడు. నది ఒడ్డున చేపలబజారులో
సముద్రసింహం అరిచింది.
ఇరవై ఆరేళ్లలో మొదటిసారి
అది నా క్లాసులోకి వినబడింది.

తొమ్మిదికి ఒక అమ్మాయి "పైకి" అంది, అనుమానంగా.
సగం తప్పు. సరిదిద్దబోయి
పళ్లతో పెదవి పట్టుకున్నాను.
మూలనుంచి చెయ్యి లేచింది,
ఈసారి తల దగ్గర ఆగలేదు.
"కింద ఇసుక పొర ఉంటే కిందికి కూడా పోతుంది కదా?"

"నీ పేరేమిటి, బాబూ?" అన్నాను.

నిజంగా జవాబు తెలియకుండా
నేనడిగిన ప్రశ్న అది.
ఆగాను.